పాయింట్ గార్డుని ఎంచేటప్పుడు అసిస్టుల లెక్క ఎంతవరకు నమ్మాలి?

రాయగడ_24సెకన్లు:
నమస్కారం అందరికీ. ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టుకి పాయింట్ గార్డుని (బాల్ తెచ్చి ఆట నడిపించేవాణ్ణి) ఎంచడానికి ఒక పట్టిక తయారుచేస్తున్నాను. మాట తేలిగ్గా సాగడానికి ముగ్గురు ఊహా ఆటగాళ్లని అనుకుందాం. 'అ' ఆటకి 8 అసిస్టులు (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు), 3.5 టర్నోవర్లు (ఎదుటివాళ్లకి పోగొట్టుకున్న బాల్), త్రీ (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) 33 శాతం, ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. 'ఆ' 5 అసిస్టులు, 1 టర్నోవర్, త్రీ 38 శాతం, ఎత్తు 6 అడుగులు. 'ఇ' 6 అసిస్టులు, 2.5 టర్నోవర్లు, త్రీ 36 శాతం, 6 అడుగుల 1 అంగుళం, పాయింట్లు మాత్రం ముగ్గురిలోనూ ఎక్కువ. అసిస్టుని టర్నోవర్‌తో భాగిస్తే 'ఆ'కి 5 వస్తుంది, మిగతా ఇద్దరికీ రెండున్నర కూడా రాదు. అంటే 'ఆ'నే తీసుకోవాలా? వీడియోలో ఏం చూడాలి, ఏ అంకెని పక్కన పెట్టాలి? బరంపురం, పర్లాకిమిడి, జైపూర్ వాళ్లూ, అటు బల్లార్షా, సిరోంచ వాళ్లూ ఇక్కడే ఉన్నారు కదా, వివరంగా రాయండి.

పర్లాకిమిడి_పాతకోర్టు:
తమ్ముడూ, ఆ 5 అన్న అంకె చూసి ముచ్చటపడకు. చేసిన పనిలో జాగ్రత్త ఎంతో అది చెబుతుంది గానీ, ఎంత పని నెత్తిన వేసుకున్నాడో చెప్పదు.

లెక్క వేసి చూడు. 'అ' ఆటకి 14 షాట్లు, 4 ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి దొరికే, ఎవరూ కాయని షాట్లు) వేస్తాడనుకో. 'ఆ' 7 షాట్లు, 1 ఫ్రీ త్రో. ఫ్రీ త్రోలు జంటగా వస్తాయి, కొన్నిసార్లు బాస్కెట్‌తో కలిసి ఒకటే వస్తుంది, అందుకని వాటిని 0.44తో గుణిస్తాం. షాట్లు, 0.44 రెట్ల ఫ్రీ త్రోలు, అసిస్టులు, టర్నోవర్లు అన్నీ కూడితే అతను ముగించిన పని మొత్తం వస్తుంది. 'అ'కి 14 + 1.76 + 8 + 3.5, అంటే 27.26. 'ఆ'కి 7 + 0.44 + 5 + 1, అంటే 13.44. ఇప్పుడు టర్నోవర్‌ని దీనితో భాగిస్తే 'అ'కి 12.8 శాతం, 'ఆ'కి 7.4 శాతం. తేడా ఉంది, కాదనను. కానీ రేషియోలో కనిపించినంత లేదు. పైగా 'అ' రెట్టింపు పని చేస్తున్నాడు. ఆ రెట్టింపు పని 'ఆ' చేతిలో పెడితే అతని 7.4 అక్కడే నిలుస్తుందా అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు అంకెల్లో దొరకదు.

ఎన్బీఏ (అమెరికా లీగు) నుంచి రెండు నిజమైన ఉదాహరణలు. మ్యాజిక్ జాన్సన్ కెరీర్ సగటు ఆటకి 11.2 అసిస్టులు, 3.9 టర్నోవర్లు. రేషియో 3 కూడా లేదు, చాంపియన్‌షిప్‌లు 5. టైయస్ జోన్స్ 2023-24లో వాషింగ్టన్ తరఫున ఆటకి 7.3 అసిస్టులకి 1 టర్నోవర్ ఇచ్చాడు, రేషియో 7 దాటింది. ఆ ఏడు వాషింగ్టన్ 82 ఆటల్లో గెలిచింది 15. జోన్స్ చెడ్డ ఆటగాడని నేను అనడం లేదు. రెండో అయిదుగురితో పదిహేను నిమిషాలు జట్టుని పడిపోకుండా పట్టుకోమంటే అతనికన్నా నమ్మకమైనవాడు దొరకడం కష్టం. ఆ రేషియో జట్టుని నడిపించే శక్తికి కొలత కాదన్నదే నా మాట.

సిరోంచ_ప్రాణహిత:
పాతకోర్టు మాస్టారు చెప్పినదానికి ఒకటి కలపాలె. టర్నోవర్లన్నీ ఒక్క తీరు కావు. పాస్ దొంగిలిస్తే, డ్రిబుల్ల చేతికెల్లి గుంజుకుంటే బాల్ ఆడుతనే ఉంటది, ఎదుటోళ్లు ఉరికి లేఅప్ (రింగ్ కింద సులువు షాట్) ఏస్తరు. బయటకు పోయిన పాస్, ట్రావెలింగ్, అఫెన్సివ్ ఫౌల్ అయితే విజిల్ పడ్తది, మనోళ్లు వెనక్కి వచ్చి నిలబడతరు. పట్టికల రెండు గడులు పెట్టు. 3.5ల రెండున్నర మొదటి రకం అయితే ఆ గార్డు జట్టుకు రెండు దిక్కుల నష్టం చేస్తున్నట్టే.

ఇంకోటి, టర్నోవర్లు మరీ తక్కువున్నా అనుమానపడాలె. స్క్రీన్ (మనోడు ఒకడు కాసేటోని దారికి అడ్డంగ నిలబడుడు) దాటినంక లాబ్ (రింగ్ దగ్గరికి ఎత్తుగ ఏసే పాస్) కనిపించినా ఎయ్యకుండ, పక్కన నిలబడ్డోనికి బాల్ ఇచ్చి తన పని అయిపోయిందనుకునే గార్డుకు టర్నోవర్లు రావు. వీడియోల అసొంటియి లెక్కపెట్టు: మనిషి ఖాళీగ ఉన్నడు, చూసిండు, ఇయ్యలే. అది ఏ స్కోర్‌షీట్ల రాదు.

గోపాల్‌పూర్_గాలి:
ఇక్కడిదాకా వొచ్చింది కాబట్టి అసలు సంగతి రాస్తాను. నాకు పాయింట్ గార్డులో చూడాల్సింది ఒక్కటే: మొదటి దారి మూసేస్తే రెండోది ఎంత వేగంగా దొరుకుతుంది? మంచి రోజున మొదటి దారిలో అందరూ బాగానే కనిపిస్తారు. ప్రొఫెషనల్ స్థాయిలో ఎదుటి జట్టు ముందురోజే వీడియో చూసి ఆ దారి మూసే వస్తుంది.

మూసే తీరు ప్రధానంగా పిక్ అండ్ రోల్ (స్క్రీన్ పెట్టినవాడు వెంటనే రింగ్ వైపు తిరిగి పరిగెత్తే ఆట) దగ్గర తెలుస్తుంది. ఒక్కో కాపుదలకి గార్డు దగ్గర జవాబు ఉండాలి.

డ్రాప్: ఎదుటి సెంటర్ (జట్టులో పెద్దవాడు) పెయింట్‌లోనే (రింగ్ ముందున్న పెట్టెలోనే) ఉండిపోతాడు, గార్డుని కాసేవాడు స్క్రీన్ మీంచి వెనకే తరుముతాడు. ఇక్కడ చూడాల్సింది తొందరపడకపోవడం. క్రిస్ పాల్ స్క్రీన్ దాటగానే వేగం తగ్గించి, తరుముతున్నవాణ్ణి తన వీపుకి కట్టేసుకునేవాడు. దాంతో ముందున్న సెంటర్‌కి ఒక్కడే ఇద్దరిని కాయాల్సిన పని పడేది. ఫ్రీ త్రో గీత దగ్గర ఆగి వేసే షాట్, ఫ్లోటర్ (పరుగులో మెత్తగా ఎత్తి వేసే షాట్), సెంటర్ ఒక అడుగు ముందుకి వేస్తే లాబ్. ఈ మూడింటిలో ఒక్కటే ఉన్న గార్డుని రెండో క్వార్టర్‌కే చదివేస్తారు.

అండర్: కాసేవాడు స్క్రీన్ కింద నుంచి పోతాడు. అంటే "నువ్వు త్రీ వేసుకో, మాకు భయం లేదు" అని చెబుతున్నట్టు. స్టెఫెన్ కర్రీ మీద ఎవరూ అలగ పోరు. 2015-16లో ఒక్క సీజన్‌లో 402 త్రీలు రింగ్‌లో వేసినవాడి మీద కింద నుంచి పోతే పాయింట్లు సమర్పించుకున్నట్టే. షాట్ లేని గార్డు అయితే స్క్రీన్‌ని ఇంకా లోపలికి, రింగ్‌కి దగ్గరగా మళ్లీ పెట్టించుకోగలడా చూడండి. అది కూడా జవాబే.

హెడ్జ్: సెంటర్ ఒకటి రెండు అడుగులు బయటికి దూకి గార్డుని పక్కకి తోలి మళ్లీ తన మనిషి దగ్గరకి పరిగెడతాడు. గార్డు డ్రిబుల్ చంపకుండా రెండు అడుగులు వెనక్కి లాగితే సెంటర్ దూరమైపోతాడు, అప్పుడు రోల్ అయ్యేవాడు ఖాళీ. డ్రిబుల్ ఆపేశాడా, పని అయిపోయింది.

బ్లిట్జ్: ఇద్దరూ మీద పడిపోతారు. ఇక్కడ పాస్ ఎంత బాగుందని కాదు, ఎప్పుడు వెళ్లిందని చూడాలి. ఇద్దరి చేతులూ కలిసేలోగా, రెండో డ్రిబుల్ పడేలోగా బాల్ ఫ్రీ త్రో గీత దగ్గరున్నవాడికి చేరితే వెనక నలుగురికి ముగ్గురు. ఒక్క సెకను ఆలస్యమైతే అదే పాస్ తల మీంచి ఎత్తుగా పోతుంది, గాల్లో తేలుతుంది, ఎవడో ఒకడు వేలు తగిలిస్తాడు. పొట్టి గార్డులకి ఇక్కడే కష్టం. నేల బౌన్స్ పాస్ వస్తే బతుకుతారు, లేకపోతే లేదు.

స్విచ్: కాసేవాళ్లిద్దరూ మనుషుల్ని మార్చుకుంటారు, పెద్దవాడు గార్డు మీదకి వస్తాడు. చాలామంది గార్డులు ఇక్కడ డ్రిబుల్ చేస్తూ ఎనిమిది సెకన్లు తినేసి వెనక్కి అడుగేసి కష్టమైన త్రీ వేస్తారు. పడితే చప్పట్లు. మీరు మాత్రం ఆ ఎనిమిది సెకన్లలో మిగతా నలుగురూ ఏం చేశారో చూడండి. కదలకుండా నిలబడి ఉంటే ఆ తప్పు గార్డుదే.

రాయగడ_24సెకన్లు:
గాలి అన్నా, ఇది చాలా ఉపయోగం. ఇలాంటివి ఎన్ని చూస్తే ఒక మాట చెప్పొచ్చు? హైలైట్ వీడియోలు పనికొస్తాయా?

గోపాల్‌పూర్_గాలి:
హైలైట్లు అసలు తెరవకు. పూర్తి ఆటలే చూడాలి. అయిదారు ఆటల్లోంచి ఒక 60 పిక్ అండ్ రోల్ పొజెషన్లు (బాల్ చేతికి వచ్చిన దగ్గర్నుంచి పోయేదాకా ఒకటి) ఏరు. అందులో కనీసం రెండు ఓడిన ఆటలు ఉండాలి, వరుస రాత్రుల్లో ఆడిన రెండో ఆట ఒకటి ఉండాలి. అలిసిన కాళ్ల మీద చూస్తేనే నిర్ణయం ఎంత నిలకడో తెలుస్తుంది. ఒక్కో పొజెషన్‌కి గడులు ఇవి చాలు: షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఉన్న 24 సెకన్ల గడియారం) ఎంత ఉండగా స్క్రీన్ వచ్చింది, ఏ చేతి వైపు వెళ్లాడు, ఏ కాపుదల, అతను ఎంచుకున్నది ఏమిటి, అది సరైనదేనా, ఫలితం. సరైనదేనా అన్న గడిని ఫలితం గడి కన్నా ముందే నింపాలి. వీడియోని షాట్ చేతిలోంచి వెళ్లేముందే ఆపి రాసుకో. బాల్ పడిందని చూశాక రాస్తే మన తీర్పు దాని వైపే జారిపోతుంది.

ఎడమ, కుడి విడదీయడం మర్చిపోకు. కుడివైపు వెళ్తే పాస్, ఎడమవైపు వెళ్తే షాట్ అన్న అలవాటు చాలామందిలో ఉంటుంది. 60లో అది బయటపడుతుంది, ఎదుటి కోచ్‌కి కూడా బయటపడుతుంది.

బల్లార్షా_బౌన్స్:
షాటింగ్ శాతాల గురించి ఎవరూ ఎత్తుతలేరు కాబట్టి నేను రాస్తున్న. 38కీ 33కీ తేడా చూసి ఒకణ్ని తీసుకొని ఒకణ్ని వదిలేసే ముందు ఎన్ని షాట్ల మీద ఆ శాతమో చూడండి. నిజంగ 35 శాతం వేసేటోడు 100 త్రీలు వేస్తే, కేవలం అదృష్టం వల్లనే ఫలితం 25 నుంచి 45 దాక ఎక్కడన్నా పడొచ్చు. 0.35ని 0.65తో గుణించి, 100తో భాగించి, వర్గమూలం తీస్తే 4.8 శాతం వస్తది, దానికి అటూ ఇటూ రెండింతలు. 400 షాట్లయితే ఆ ఊగు 5 శాతం దాక తగ్గుతది. అంటే ఒక సీజన్‌ల 38, 33 వేసినోళ్లు ఇద్దరు నిజానికి సమానమే కావొచ్చు.

అందుకే ఫ్రీ త్రో శాతం పక్కన పెట్టుకోవాలె. కాసేటోడు ఉండడు, దూరం మారదు, చేతి పనితనం ఉన్నదున్నట్టు కనిపిస్తది. త్రీ 38, ఫ్రీ త్రో 68 అంటే ఆ 38 దిగొస్తదనుకో. త్రీ 33, ఫ్రీ త్రో 87 అంటే ఆశ పెట్టుకోవచ్చు. తర్వాత త్రీలను రెండుగ చీల్చు: పాస్ అందుకొని వేసినవి, డ్రిబుల్ నుంచి లేచి వేసినవి. గాలి అన్న పైన చెప్పిన అండర్‌కు జవాబు రెండోదే. మొదటిదాంట్ల 41, రెండోదాంట్ల 28 ఉన్నోని శాతం మొత్తంగ చూస్తే బాగనే కనిపిస్తది, కానీ బాల్ తన చేతిల ఉన్నప్పుడు ఎదుటోనికి వాడంటే భయం ఉండదు.

మన దిక్కు కుర్రాళ్ల లెక్కలు తీసుకునేటోళ్లు ఇంకోటి గమనించాలె. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) త్రీ గీత 2010ల 6.25 మీటర్ల నుంచి 6.75కి మారింది, మూలల 6.60. టౌన్‌షిప్పుల పాత సిమెంటు కోర్టుల రంగు మార్చకుంటే గీత పాతదే ఉంటది. అరమీటరు తేడా అంటే చిన్నది కాదు. టేపు పెట్టి కొలవకుండ అక్కడి త్రీ శాతం రాసుకోవద్దు. ఎన్బీఏ గీత ఇంకా దూరం, నడుమ 7.24, మూలల 6.70.

కిన్వట్_లెఫ్టీ:
షాట్ వేసే తీరు చూసి కూడా తీర్పు చెప్తరు కదా కాకా. ఇండియానా గార్డు హాలిబర్టన్ షాట్ నెట్టినట్టు ఉంటదని చానామంది అన్నరు. కాలేజీల రెండేళ్లూ త్రీ 40 శాతం పైననే వేసినా 2020 డ్రాఫ్ట్‌ల (జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగ ఎంచుకునేది) 12వ స్థానం దాక ఆగిండు.

బల్లార్షా_బౌన్స్:
మంచి ఉదాహరణ తమ్మీ. రూపం కాదు చూడాల్సింది, ప్రతిసారీ ఒకేతీరుగ వస్తుందా, ఎంత సేపట్ల చేతి నుంచి పోతుంది అన్నవి. తక్కువ ఎత్తుల నుంచి వదిలేటోనికి జాగా ఎక్కువ కావాలె, అది నిజమే, కానీ హాలిబర్టన్ దూరం నుంచి వేసి ఆ జాగా తెచ్చుకుంటడు. 2025 మే 27న న్యూయార్క్ మీద ప్లేఆఫ్ (సీజన్ తర్వాతి నాకౌట్ దశ) ఆటల 32 పాయింట్లు, 12 రీబౌండ్లు (తప్పిన షాట్ల బాల్ పట్టుకున్నవి), 15 అసిస్టులు, టర్నోవర్ ఒక్కటి లేదు. ఆ ఆటను పూర్తిగ చూడండి. అతను బాల్‌ను చేతిల ఎంతసేపు పెట్టుకోలేదో గమనించండి.

సిరోంచ_ప్రాణహిత:
అందరు అఫెన్సే మాట్లాడుతున్నరు. నాకైతే డిఫెన్స్ మొదటి జల్లెడ. సీజన్‌ల 82 ఆటలల్ల చిన్న గార్డును దాచిపెట్టొచ్చు. ప్లేఆఫ్‌ల అదే జట్టుతో ఏడు ఆటల దాక ఆడాలె. ప్రతి పొజెషన్‌ల అతను కాస్తున్న మనిషినే పిలిచి స్క్రీన్ పెట్టిస్తరు, స్విచ్ చేయించి తమ పెద్ద ఆటగాని ముందర నిలబెడతరు. ఐజయా థామస్ 5 అడుగుల 9 అంగుళాలు, 2011 డ్రాఫ్ట్‌ల ఆఖరిదైన 60వ పిక్. 2016-17ల బోస్టన్‌కు ఆటకు 28.9 పాయింట్లు వేసిండు. అంత వేసినా అతని వెనక మిగిలిన నలుగురు రోజూ అతన్ని కాపాడే ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది.

చూడాల్సినయి: స్క్రీన్ తగిలినప్పుడు భుజం సన్నగ చేసుకొని దూరి పోతడా, స్క్రీన్‌కు అతుక్కుపోతడా? తగిలినంక ఎన్ని అడుగులల్ల మళ్ల తన మనిషి పక్కకొస్తడు? పెద్దోడు వీపుతోటి నెట్టినప్పుడు నడుం కిందికి దించి నిలబడతడా? రెక్కల వెడల్పు ఎత్తు కన్నా ముఖ్యం. ఎత్తు రాసేటప్పుడు షూ తీసి కొలిచిందే రాయండి, 2019 నుంచి ఎన్బీఏ జట్లు గట్లనే ఇయ్యాలె. జ్రూ హాలిడేను చూడండి. 2021 ఫైనల్స్ ఐదో ఆట చివర్ల ఫీనిక్స్ ఆటగాడు బుకర్ చేతిల నుంచి బాల్ గుంజుకొని తన మిల్వాకీ జట్టు యానిస్‌కు లాబ్ ఇచ్చిండు. గట్టి నడుం, పొడుగు చేతులు, రెండూ ఉండబట్టే.

గోపాల్‌పూర్_గాలి:
ప్రాణహిత అన్నా, జల్లెడ అన్న మాట దగ్గర నాకు ఒప్పుదల లేదు. ఆ జల్లెడ పెడితే జేలెన్ బ్రన్సన్ కింద పడిపోతాడు. 6 అడుగుల 2, 2018లో రెండో రౌండు 33వ పిక్. డల్లాస్ నుంచి 2022లో న్యూయార్క్ నాలుగేళ్లకి 10.4 కోట్ల డాలర్లకి తీసుకుంటే ఎక్కువ ఇచ్చారన్నవాళ్లున్నారు. ఇప్పుడు ఎవరూ అనరు. అతనిలో చూడాల్సింది ఏటంటే, పెయింట్‌లోకి వెళ్లాక రెండు కాళ్ల మీద ఒకేసారి ఆగుతాడు. ఒంటికాలి మీద గాల్లోకి లేచినవాడు దిగేలోగా ఏదో ఒకటి చేసెయ్యాలి. రెండు కాళ్ల మీద ఆగినవాడు తిరగొచ్చు, మోసపు కదలిక ఇవ్వొచ్చు, పాస్ వెతుక్కోవచ్చు. అందుకే మరీ వేగం లేకపోయినా ఇంత నడుస్తోంది.

డిఫెన్స్‌లో నష్టం ఎంతో, అఫెన్స్‌లో లాభం ఎంతో కూడి తీసి చూడాలి. ముందే గీత గీసి "ఇంత ఎత్తు లేకపోతే వద్దు" అంటే ఎలగ?

సిరోంచ_ప్రాణహిత:
బ్రన్సన్ అంత అఫెన్స్ ఉంటే నేను సుత ఒప్పుకుంట. కానీ ఆ స్థాయి అఫెన్స్ లేని చిన్న గార్డులు లీగుల ఎక్కువ మంది. వాళ్లకు గా గీత అవసరమే.

పర్లాకిమిడి_పాతకోర్టు:
ఇద్దరూ చెప్పింది పట్టికలో పడుతుంది, వాదన ఇక్కడ ఆపి గడియారం సంగతి చూద్దాం. ఎక్కువమంది పట్టించుకోని గడి అది.

ఒక్క పొజెషన్ తీసుకో. 24 మొదలైంది. మంచి గార్డు 20 లోపు సగం గీత దాటి, 18కి మొదటి స్క్రీన్ తెప్పించుకుంటాడు. కాసేవాడు స్క్రీన్ మీంచి వచ్చాడు, సెంటర్ డ్రాప్‌లో ఉన్నాడు. 16కి గార్డు ఫ్రీ త్రో గీత పక్కకి చేరాడు, ఛాతీ రింగ్ వైపు, తల నిటారుగా. ఇప్పుడు కళ్లు చూడు. సెంటర్‌ని చూడకూడదు, అతని వెనక అవతలి మూల నుంచి రోల్ అయ్యేవాణ్ణి ఆపడానికి లోపలికి ఒక అడుగు వేసిన మనిషిని చూడాలి. ఆ మనిషి పాదం పెయింట్‌లో పడగానే మూలలో ఉన్న షూటర్‌కి పాస్ వెళ్లాలి. పాస్ ఛాతీ ఎత్తులో, షూటింగ్ చేతి వైపు చేరితే అందుకున్నవాడు అలాగే లేస్తాడు. మోకాళ్ల దగ్గర చేరితే వంగి తీసుకుని మళ్లీ నిలబడాలి. అర సెకను పోతుంది, ఆ అర సెకనులో పరిగెత్తి వచ్చినవాడు ముందు నిలబడతాడు. స్కోర్‌షీట్‌లో రెండూ పాస్‌లే. ఒకదానికి అసిస్టు వస్తుంది, రెండోదానికి రాదు, చూసేవాళ్లు షూటర్ తప్పేశాడంటారు.

షూటర్ దారి మూసుకుంటే బాల్ మళ్లీ పైకి వస్తుంది, క్లాక్‌లో ఇంకా 13 ఉంటుంది. రెండో ఆట ఆడొచ్చు, అవసరమైతే మూడోది కూడా. మొదటి స్క్రీన్ 13 దగ్గర తెప్పించుకునే గార్డుకి ఆ అవకాశం లేదు. మొదటిది ఆగిపోయేసరికి 8 ఉంటుంది, ఇక ఒంటరిగా డ్రిబుల్ చేసి ఏదో ఒకటి విసరాలి. అందుకని 60 పొజెషన్లలో మొదటి స్క్రీన్ సగటున ఎన్ని సెకన్ల దగ్గర వచ్చిందో రాసుకో. ఒక్క అంకె, చాలా చెబుతుంది.

క్వార్టర్ చివర కూడా చూడు. 33 సెకన్లు ఉండగా షాట్ వేస్తే ఎదుటివాళ్లు 24 మొత్తం వాడుకున్నా మనకి ఇంకో ఏడెనిమిది సెకన్లు మిగులుతాయి. 26 దగ్గర వేస్తే ఏమీ మిగలవు. 40 సెకన్ల దగ్గర ఈ లెక్క తలలో తిరిగే గార్డు 36 నుంచి 30 మధ్యలో షాట్ వచ్చేలా నడిపిస్తాడు. అలాగని 33 చూసి చెత్త త్రీ విసిరేసేవాణ్ణి మెచ్చుకోవద్దు.

ఫిబా నియమాల్లో ఇంకో చిక్కు. టైమౌట్ ఆటగాడు అడగడానికి లేదు, కోచ్ బెంచ్ నుంచే అడగాలి. మొదటి సగంలో 2, రెండో సగంలో 3, ఆఖరి రెండు నిమిషాల్లో 2కి మించి లేవు. ఎన్బీఏలో ట్రాప్‌లో (ఇద్దరు కాసేవాళ్ల మధ్య) చిక్కినవాడు తానే చేయి చూపి టైమౌట్ తీసుకోగలడు, ఫిబాలో తానే బయటపడాలి. అక్కడి నుంచి వచ్చిన గార్డుని మన లీగులకి చూసేటప్పుడు, ఇక్కడివాణ్ణి అక్కడికి చూసేటప్పుడు ఇది గుర్తుండాలి.

జైపూర్_కొరాపుట్:
గొంతు సంగతి ఎవరూ రాయలేదు. ఆగిన ప్రతి విజిల్ దగ్గర గార్డు ఎవరితో మాట్లాడుతున్నాడో చూడండి, కెమెరా ఆటలో లేనప్పుడు కూడా. తప్పు చేసిన సెంటర్ దగ్గరకి వెళ్లి చెయ్యి చూపించి చెబుతున్నాడా, చేతులు విసిరి వెనక్కి నడిచిపోతున్నాడా? మన కోర్టుల్లో ఒకే అయిదుగురిలో తెలుగు, ఒడియా, దేశియా మాట్లాడేవాళ్లు కలిసి ఉంటారు. ఒక్క ఆటలోనే మూడింటిలో పిలిచే గార్డులు ఇక్కడ కొత్త కాదు. అయినా జనం అరుస్తుంటే పదం వినపడదు, వేళ్ల గుర్తులే పనిచేస్తాయి. పిడికిలి, రెండు వేళ్లు, తల మీద అరచెయ్యి, ఏది దేనికో అందరికీ ముందే తెలియాలి. గుర్తు చూపించాక నలుగురూ సరైన చోట్లకి వెళ్లారా లేదా అన్నది 60 పొజెషన్లలో లెక్కపెట్టగలిగిన విషయమే. ఒకడు తప్పు చోట ఉన్నాడని చూసి, స్క్రీన్ పిలవకుండా ఆగి, అతన్ని సరిచేసి, అప్పుడు మొదలుపెట్టే గార్డు దొరికితే వదలొద్దు.

కిన్వట్_లెఫ్టీ:
ఆన్-ఆఫ్ లెక్క చూడొచ్చా? అతను కోర్టుల ఉన్నప్పుడు జట్టు ఎంత ముందు, లేనప్పుడు ఎంత వెనక అని.

బల్లార్షా_బౌన్స్:
చూడు, కానీ ఒంటరిగ కాదు. మొదటి గార్డు ఎప్పుడూ మొదటి సెంటర్‌తోనే ఉంటడు, అంకె ఇద్దరిదీ కలిసే వస్తది. ఆ సెంటర్ లేకుండ ఇతను ఉన్న నిమిషాలు విడిగ తీయి. అవి తక్కువ ఉంటే ఆ అంకెను పట్టుకొని వాదించొద్దు.

గోపాల్‌పూర్_గాలి:
జట్టుని బట్టి కూడా కొలత మారిపోతుంది. 2023లో డెన్వర్ గెలిచింది, అక్కడ బాల్ పంచే పని సెంటర్ యోకిచ్‌ది. పక్కనున్న జమాల్ మరేకి హ్యాండాఫ్ (చేతి నుంచి చేతికి ఇచ్చే బాల్) అందుకుని షాట్‌కి లేవడం, మళ్లీ తిరిగి ఇవ్వడం రావాలి, పది అసిస్టులు అక్కర్లేదు. 2024లో బోస్టన్‌కి హాలిడే, డెరిక్ వైట్. ఇద్దరూ కాస్తారు, పాస్ అందుకుని త్రీ వేస్తారు, బాల్ ఎక్కువసేపు చేతిలో ఉండక్కర్లేదు. ఇలాంటి జట్టులో 'అ'ని పెడితే బాల్ లేనప్పుడు 33 శాతం షూటర్‌ని ఎవరూ కాయరు, మిగతా నలుగురికీ దారి ఇరుకైపోతుంది. బెన్ సిమన్స్‌కి 2021 ప్లేఆఫ్‌లో అదే జరిగింది. ఫ్రీ త్రోలు 73లో 25. చివరి నిమిషాల్లో బాల్ అతని చేతికి రావడమే ఎదుటి జట్టుకి కావాల్సింది.

జైపూర్_కొరాపుట్:
వయసు కూడా. మొదటి అడుగు వేగం మీదే బతికే గార్డుకి మోకాలు పోతే ఆట మొత్తం మారాలి. డెరిక్ రోజ్ 22 ఏళ్లకే 2011లో ఎంవీపీ (ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు), 2012 ఏప్రిల్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. వేగాన్ని మార్చి ఆడే జాన్ స్టాక్టన్ 41 ఏళ్ల వరకు ఆడాడు, 15,806 అసిస్టులు. నాలుగేళ్ల ఒప్పందం రాసేముందు అతను డిఫెండర్‌ని దాటేది వేగంతోనా, వేగం మార్చడంతోనా అని విడిగా రాసుకోవాలి.

రాయగడ_24సెకన్లు:
అందరివీ కలిపి గడులు మార్చాను. మొదటి స్క్రీన్ సెకను, కాపుదల రకం, చేతి వైపు, నిర్ణయం సరైనదా, బాల్ ఆడుతుండగా పోయిన టర్నోవర్లు, ఆగిపోయినవి, చూసి కూడా ఇవ్వని పాస్‌లు, డ్రిబుల్ నుంచి త్రీ, అందుకుని త్రీ, ఫ్రీ త్రో, స్క్రీన్ దాటే తీరు, విజిల్ దగ్గర మాట. జట్టులో యోకిచ్ లాంటివాడు లేడనుకుంటే ముగ్గురిలో ఎవరు?

పర్లాకిమిడి_పాతకోర్టు:
బాల్ పంచేవాడు ఇంకెవరూ లేని జట్టుకి నేను 'అ' వీడియో ముందు చూస్తాను. ఆ 3.5లో ఎక్కువభాగం లాబ్, స్కిప్ పాస్ (కోర్టు అవతలి పక్కకి వేసే పొడుగు పాస్) ప్రయత్నాల్లో పోయి ఉంటే కోచ్ తగ్గించగలడు. ట్రాప్‌లో చేతిలోంచి లాక్కున్నవైతే తగ్గవు. ఫ్రీ త్రో 80 దాటితే తీసుకుంటాను, 70 దగ్గర ఉంటే 'ఇ'కి వెళ్తాను. 'ఆ' ఏ జట్టుకైనా రెండో గార్డుగా కావాల్సినవాడే, అతని కోసం విడిగా డబ్బు ఉంచుకో.

సిరోంచ_ప్రాణహిత:
నేనైతే 'ఇ' స్క్రీన్ల కింద ఎట్ల నలుగుతున్నడో చూసినంకనే. గా పని మంచిగుంటే 'ఇ'.

బల్లార్షా_బౌన్స్:
తమ్మీ, పట్టిక నింపేముందు ఒక్కటి సరిచూసుకో. ముగ్గురిలో ఎవరన్నా ఫిబా నియమాల లీగు నుంచి వస్తే, అక్కడ పాస్ అందుకొని షాట్ వేస్తుండంగ ఫౌల్ అయినోడు ఒక్క ఫ్రీ త్రో అన్నా రింగ్‌ల వేస్తే పాస్ ఇచ్చినోనికి అసిస్టు రాస్తరు. ఎన్బీఏల రాయరు. ఫిబాల ఆట కూడా 40 నిమిషాలే, ఎన్బీఏల 48. ముందు ఆ ఫ్రీ త్రో అసిస్టులను వీడియో చూసి తీసేయి, తర్వాత అన్నిటినీ 100 పొజెషన్ల లెక్కకు మార్చు. పొజెషన్లంటే జట్టు షాట్లల్ల నుంచి అఫెన్సివ్ రీబౌండ్లు తీసి, టర్నోవర్లు, 0.44 రెట్ల ఫ్రీ త్రోలు కలిపితే వచ్చేది. అతను కోర్టుల ఉన్న నిమిషాలకే లెక్కగట్టు, జట్టు మొత్తానికి కాదు.